బియ్యం డబ్బాలో గేర్ల పెట్టె

శనివారం శ్రీకాకుళం చర్చిలో స్త్రీల సమాజం కూడిక. టెక్కలి సంఘం తరఫున రూబీ తల్లి లీలారాణి లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. ఆమె అందరి ముందూ ఎవరి బండిలోంచి దిగుతుందన్నదే రూబీ బెంగ.

ఏడాదిగా అమ్మ దిగేది చెల్లెలు షాలిని కారులోంచే. షాలిని భర్త ఎజ్రా కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఎత్తయిన తెల్లకారు కొన్నాడు. గేర్లు వాటంతటవే మారతాయి. రూబీ భర్త సత్యరాజుది నౌపడ ఉప్పుమడుల నుంచి శ్రీకాకుళం బజారుకు బస్తాలు తోలే చిన్న బండి. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు. కానీ అమ్మ ఎక్కితేగా! నర్సుగా చేసి రిటైరైన మనిషి. తెల్లచీర మీద చిన్న మరక కనబడినా ఊరుకోదు. "నీ బండెక్కితే చీర ఉప్పుప్పు అయిపోతాదే" అంటుంది.

ఆ తెల్లకారు ఒకరోజు హైవే మీద మూడో గేరులో బిగుసుకుపోయింది. ఈడ్చుకుంటూ టెక్కలి షెడ్డుకు చేర్చారు. మెకానిక్కు జగన్నాధం ల్యాప్‌టాపు తగిలించి చూశాడు.

"గేరుబాక్సు బాగానే ఉన్నాది మేస్టారూ. ఎప్పుడు ఏ గేరెయ్యాలో దానికి సెప్పే కంప్యూటర్ పెట్టె పోయింది. కొత్తది తెప్పించాల" అన్నాడు.

సంగతి ఫోన్లో విని రూబీ "అయ్యయ్యో" అంది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో చెల్లెలి కారును కూడా తలచుకుంది. నీ చిత్తమైతే బాగుచెయ్యి ప్రభువా అంది. చిత్తం కాకపోతే బాగుండునని లోపల అనుకుంటూ చేసినదాన్ని ప్రార్థన అనవచ్చునా?

బుధవారం ఆ పెట్టె శ్రీకాకుళం కొరియరు ఆఫీసుకు రావాలి. ఎలాగూ ఉప్పు దించడానికి వెళతాడు కదా అని ఎజ్రా సత్యరాజునే తెమ్మన్నాడు. అతను దాన్ని తీసుకుని టెక్కలి వచ్చేసరికి షెడ్డు మూసి ఉంది. పార్శిల్ నౌపడలో ఇంటికి తెచ్చాడు.

"రేపు నాను పెందలాడే లోడుకెల్లిపోవాల. నువ్వు టెక్కలెల్లి జగన్నాధానికిచ్చీ" అన్నాడు.

"ఇచ్చేస్తాను లెండి" అంది రూబీ.

గురువారం టెక్కలి బస్సు వచ్చింది, వెళ్ళింది. ఇంకో బస్సు కూడా వెళ్ళింది. రూబీ గడప దాటలేదు. అట్టపెట్టె మూత విప్పి ఆ పెట్టెను చేత్తో ఎత్తి చూసింది. అరచేతికి కాస్త పెద్దది. ఇంతేనా! ఇంత వస్తువు లేకపోతే అంత కారు కదలదా? దాన్ని అట్టపెట్టెతో సహా బియ్యం డబ్బాలోకి తోసి, పైన బియ్యం కప్పి, మూత పెట్టింది.

మధ్యాహ్నం ఎజ్రా ఫోన్ చేశాడు. "వదినా, అన్నయ్య పార్శిల్ తెచ్చినాడా?"

"లేదు మరిదీ. ఇంకా రాలేదట."

చెప్పేసి ఫోను పెట్టి, డబ్బా మూత మరోసారి గట్టిగా నొక్కింది. కారు లేకపోతే శనివారం అమ్మకు తన బండి తప్ప దిక్కులేదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అమ్మ తన పక్కన కూర్చుని వెళితే ఎవరికి నష్టం?

శుక్రవారం పొద్దున అమ్మే ఫోన్ చేసింది. "ఒసే రూబీ, ఎజ్రా టాక్సీ మాటాడేస్తన్నాడు. ఏసీ ఉన్నాదట. నువ్వు మీ ఆయనతో నేరుగా వచ్చీ."

రూబీకి ఒళ్ళు మండిపోయింది. కారు ఆగినా అమ్మ చెల్లెలి పక్కనే కూర్చుంటుందన్నమాట! ఇక దాచి ఏం లాభం? డబ్బాలోంచి పార్శిల్ లాగి, చేత్తో తుడిచి, వచ్చిన బస్సు ఎక్కింది. షెడ్డులో జగన్నాధం చేతిలో పెట్టి, "ఇప్పుడే వచ్చినాది" అని చెప్పి, షాలిని వచ్చేలోగా తిరిగి బస్సెక్కింది.

సాయంకాలానికి పెట్టె అమర్చారు. టాక్సీ వద్దనుకున్నారు. అయితే జగన్నాధం ఒక మాట చెప్పాడు. "కొత్త పెట్టె కదా. మీ కాలు తీరు నేర్సుకునీదాకా గేరుకీ గేరుకీ కుదుపుతాది. ఒక రోజు నెమ్మదిగా తిప్పండి. సర్దుకుంటాది." గురువారమే ఇచ్చి ఉంటే శనివారానికి ఆ కుదుపులుండేవి కావు.

ఆ మాట విన్న లీలారాణి రూబీకి ఫోన్ చేసింది. "అది నేర్సుకోడానికి నా నడుమే దొరికిందేటి? రేపు నీ బండిలోనే వస్తాను. సీటు మీద దుప్పటెయ్యి."

శనివారం అమ్మ ఉప్పు బండెక్కింది. ఒక పక్క సత్యరాజు, ఇంకో పక్క అమ్మ, మధ్యలో రూబీ. దారి పొడుగునా అమ్మ నోరు మూతపడలేదు. దుప్పటి ముతకగా ఉందంది. మీ నాన్న పెళ్ళయిన కొత్తలో నన్ను సైకిలు మీద ఎక్కించుకుని కాలవలో పడేశాడంది. అల్లుడు నవ్వితే, "నవ్వకు నాయనా, ముందు రోడ్డు సూడు" అంది. రూబీ కోరుకున్నది అక్షరాలా అదే. అయినా బియ్యం డబ్బా గుర్తుకొస్తూనే ఉంది.

కూడికలో లీలారాణి సాక్ష్యానికి లేచింది. "మా చిన్నమ్మాయి కారుకి రావలసిన సామాను ఆలస్యమయిపోనాది. ఆ ఆలస్యం దేవుడే సేసినాడు. లేకపోతే నాను మా పెద్దమ్మాయి పక్కన ఇంతసేపు కూర్సుందునా?"

"స్తోత్రం" అన్నారు ఆడవాళ్ళంతా.

రూబీ తలెత్తలేదు. తను చేసిన పనిని అమ్మ దేవుడి పేర రాసేసింది. ఇప్పుడు దేవుడు ఎవరి వైపు చూస్తాడు?

పక్క కుర్చీలో షాలిని చెవి దగ్గరకు వంగింది. "అక్కా, నిన్న జగన్నాధం అట్టపెట్టె ఇప్పితే బియ్యం రాలినాయి. కంపెనీవోళ్ళు అక్షింతలు సల్లి పంపినారేటి అన్నాడు."

రూబీ కూడా గొంతు తగ్గించింది. "నానే దాసినాను."

"తెలుసు."

"మరి అమ్మకి సెప్పలేదేటి?"

"ఎందుకు సెప్తాను? సెప్తే నిన్ను తిట్టడానికి అమ్మ వారం రోజులు మీ ఇంట్లోనే కూకుంటాది. అదీ నీకేనా?" షాలిని కళ్ళలో నీళ్ళున్నాయి. "మా కారెక్కిందంటే ఏసీకి పడుకుండిపోతాది. వచ్చినాక లేపాల. నీతో మాత్రం దారంతా కబుర్లు! కాలవలో పడ్డ కత కూడా సెప్పిందట కదా. బావ నవ్వుతా సెప్పినాడు. నాకెప్పుడైనా సెప్పిందేటి?"

రూబీ చెల్లెలి ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ తను దేన్ని చూసి కుళ్ళుకుంది? నిద్రపోయే అమ్మనా!

కూడిక ముగిశాక రెండు బండ్ల మధ్య నిలబడి అమ్మ కొంగు దులుపుకుంటోంది.

"అమ్మా, తిరిగెల్లీటప్పుడు షాలిని కారెక్కు" అంది రూబీ.

"కుదుపుతాదన్నారు కదే!"

"కుదిపితేనే మంచిది. నిద్ర పట్టదు."

లీలారాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏటే, ఇద్దరూ కలిసి నన్ను వంతులేసుకుంటన్నారేటి?" అని గొణుగుతూనే కారెక్కింది.

తెల్లకారు ముందు కదిలింది. గేరు మారినప్పుడల్లా ఒకసారి ఉలిక్కిపడి ముందుకు పోతోంది. వెనక ఉప్పు బండిలో రూబీ పక్క సీటు ఖాళీగా ఉంది. దుప్పటి అలాగే పరిచి ఉంది.

"నత్తలాగ పోతన్నాడు. దాటించీమంటావా?" అన్నాడు సత్యరాజు.

"వద్దు. ఎనకాలే పోనీండి."

రూబీ ముందు కారు వెనక అద్దం మీంచి చూపు తిప్పలేదు. అమ్మ తల కనిపిస్తోంది. అది పక్కకు వాలితే నిద్రపోయినట్టు. ఊళ్ళు దాటుతున్నా వాలలేదు. షాలిని వైపు తిరిగి ఊగుతోంది. మధ్యలో ఒక చెయ్యి కూడా పైకి లేచింది. సైకిలు కాలవలో పడ్డ చోటికి వచ్చి ఉంటుంది.

పోనీలే, చెల్లెలే కదా అనుకుంది రూబీ. అనుకున్నా కడుపులో మళ్ళీ సన్నగా మంట మొదలైంది.

"ఒక్క రవ్వ దగ్గరగా పోనీండి" అంది.