గంజి పెట్టిన దుప్పట్లు

చివరి కంప్యూటరు మీద గుడ్డ అంచు సరిచేసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంది. కిటికీ పక్కన ఉన్నదానికి ఒక మూల కాస్త జారినట్టు అనిపించి, మళ్లీ వెళ్లి లాగింది. పొడవాటి బల్లల మీద యంత్రాలన్నీ తెల్లటి ముసుగుల్లో, తలంటిపోసి బడికి పంపిన పిల్లల్లా బుద్ధిగా కూర్చున్నాయి. నేల మీద అడుగుల జాడ లేదు. అయినా తడిగుడ్డ పిండి మరోసారి తుడిచింది. ఈ రోజు పెద్ద ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు మరి.

ఆ సర్కారు బడిలో కంప్యూటరు గదికి ఆమె అటెండరు. మేష్టర్లు ఆయమ్మా అని పిలుస్తారు. పిల్లలు మాత్రం వెనకాల దుప్పటమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. యంత్రాలతో వచ్చిన ప్లాస్టిక్ తొడుగులు చిరిగిపోయాక, కొత్తవి కొనమని హెడ్మాష్టర్ని అడిగితే డబ్బు లేదన్నాడు. మొగుడు బతికుండగా కొన్న మందపాటి దుప్పట్లు ఇంట్లో ఉంటే తెచ్చి, కత్తిరించి, చేత్తో కుట్టి, ఒక్కోదానికీ ఒక్కో తొడుగు చేసింది. వారం వారం ఉతికి, దుమ్ము అంటకుండా చిక్కటి గంజి పెడుతుంది. అవి యంత్రాలకు పోయాయి కనుక ఇంట్లో ఆమెకు చాపే మిగిలింది.

పథకం వేసినవాళ్లు యంత్రాలు కొన్నారు, బల్లలు కొన్నారు, గదికి తాళం కొన్నారు, ఏడాదికోసారి పొడిగించే పద్ధతిలో ఒక అటెండర్నీ పెట్టారు. నేర్పే మేష్టర్ని మరిచిపోయారు. పాడైతే బాగుచేయించే సంగతీ మరిచిపోయారు. వచ్చిన కొత్తలోనే ఒక పిల్లాడు కీబోర్డు మీద మీట ఒకటి పీకేశాడు. మరమ్మతుకు ఏ పద్దులోనూ పైసా లేదని తేలేసరికి హెడ్మాష్టరు మొహం మాడిపోయింది. ఆమెను పిలిచి, ఇంకొకటి పాడైతే ఇద్దరం ఇంటికి పోవాల్సిందేనని, పిల్లల చేతులు వాటి మీద పడకూడదని, ఇక పూచీ అంతా ఆమెదేనని చెప్పాడు. చెప్పి చేతులు దులుపుకున్నాడు.

ఆమె దులుపుకోలేదు. గదిని కంటికి రెప్పలా కాచింది. వారానికో తరగతి వచ్చేది. చెప్పులు బయట, చేతులు వెనక్కి, గోడవారగా వరస. ఆమె ఒక్క ముసుగు ఎత్తి చూపించేది, మళ్లీ దించేది. చెయ్యి ముందుకొస్తే చెక్క రూళ్లకర్ర మెటికల మీద పడేది. పాపం అమాయకురాలు, చెప్పింది చేసింది అని జాలిపడబోయేవాళ్లు కాస్త ఆగాలి. కర్ర పట్టుకుంటే ఆమెకు బాగుండేది. పుట్టింట్లో ఆమె మాటకు విలువ లేదు, మొగుడి దగ్గర లేదు, అల్లుడింట్లో అసలే లేదు. ఈ గదిలో ఆమె గుమ్మంలో అడుగు పెడితే తరగతి తరగతంతా ఊపిరి బిగపట్టేది. ఆ రుచి మరిగింది.

ఒకసారి ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు, సొంత మనవరాలే ముసుగు కింద చెయ్యి దూర్చి మీట నొక్కింది. దొరికిపోయింది. మనవరాలని వదిలేస్తే రేపు ఎవరు వింటారని, అందరి ముందూ నిలబెట్టి, చెయ్యి కమిలేలా కొట్టింది. ఆయమ్మ దగ్గర పక్షపాతం లేదని మేష్టర్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పును ఇంటికి మోసుకెళ్లి కూతురికి చెప్పుకుంది కూడా. కూతురు పిల్ల చేతికి నూనె రాస్తూ తల ఎత్తలేదు.

ఆ ఇంట్లో ఆమెకు వరండాలో ఒక మూల ఉంది. జీతం అందుకున్న రోజే అల్లుడి చేతిలో పెడుతుంది గనుక ఉంది. ఈ మధ్య అల్లుడు ఎవరో కుర్రాళ్లకు ఆ మూల అద్దెకిస్తే ఎంతొస్తుందో లెక్కలు వేస్తున్నాడు, ఆమెకు వినపడేలానే. ఈ పొద్దున కూతురు గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, ఈసారి కూడా పొడిగిస్తారు కదా? లేకపోతే ఆయన్ని నేను ఆపలేను," అంది.

"గది చూస్తే వాళ్లే పొడిగిస్తారు," అంది ఆమె. అంత నమ్మకం ఆమెకు.

ఆమె నేల తుడవడం అయ్యేసరికి హెడ్మాష్టరు వచ్చి ముసుగులన్నీ తీయించాడు. రూళ్లకర్ర బీరువా వెనక పడేశాడు. ఈ రోజు పిల్లలు యంత్రాల ముందు కూర్చుంటారని, రోజూ వాడుతున్నట్టే కనపడాలని చెప్పాడు. ఆమె తలూపింది. ముసుగులు మడత పడకుండా, గంజి విరగకుండా మూలనున్న బల్ల మీద నిలబెట్టింది. వాడుతున్నట్టు కనపడటమంటే ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. బాగా కనపడాలనే అయి ఉంటుందనుకుని, మీటల సందుల్లో దూదిపుల్ల పెట్టి మరీ శుభ్రం చేసింది.

తనిఖీకి వచ్చింది ఒక నడివయసు ఆవిడ. మెల్లగా మాట్లాడే మనిషి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పమంటే నవ్వి విప్పింది. గదంతా కలయజూసి, "ఇంత శుభ్రమైన గది నేను ఎక్కడా చూడలేదు. ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది. హెడ్మాష్టరు ఆమెను చూపించాడు. దుప్పటమ్మకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఈ మాట కూతురికి ఎలా చెప్పాలో అప్పుడే మాటలు కూర్చుకోసాగింది.

అధికారి ఒక యంత్రం ముందు వంగి, మీటల మీద వేలితో రాసింది. అక్షరాలు ఒక్కటీ చెరగలేదు. ఇవి ఈ మధ్య కొన్నవా అని అడిగింది. కాదని, మొదటి విడతవేనని, పిల్లలు రోజూ వాడుతున్నారని హెడ్మాష్టరు చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు కిటికీ బయటే ఉన్నాయి.

"అయితే అందరూ మీ పేర్లు కొట్టండి, చూద్దాం," అంది ఆవిడ పిల్లలతో.

ఒక్కరూ కదల్లేదు. తెరలు వెలుగుతున్నాయి. పిల్లలు కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు, చేతులు వెనక్కి కట్టుకుని. అందరి తలలూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మంలో ఆమె నిలబడి ఉంది.

నొక్కండి అన్నట్టు కళ్లతో సైగ చేసింది. ఆ సైగ వాళ్లు ఏనాడూ చూసింది కాదు, ఇంకా బిగుసుకుపోయారు. చేత్తో చూపిద్దామని చెయ్యి ఎత్తింది. ముందు కూర్చున్న పిల్లాడు ఉలిక్కిపడి తల దాచుకున్నాడు.

అధికారి ఆ చేతినీ, ఆ పిల్లాణ్నీ చూసింది. తర్వాత పక్క కుర్చీలో ఉన్న ఆడపిల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఆ పిల్ల దుప్పటమ్మ మనవరాలే.

"నీకు నొక్కాలని లేదా తల్లీ?"

"ఉంది."

"మరి నొక్కు."

"అమ్మమ్మ కొడుతుంది."

అమ్మమ్మ ఎవరని అడిగితే, వెనకనున్న చేతులు కదపకుండా, గడ్డంతో గుమ్మం వైపు చూపించింది. చాడీ చెబుతున్నట్టు చెప్పలేదు. వానొస్తే తడుస్తాం అన్నంత మామూలుగా చెప్పింది.

హెడ్మాష్టరు అప్పటికే తేరుకున్నాడు. ఈవిడ మొండితనం గురించి తను చెప్పని రోజు లేదని, గది తన సొంత సొత్తు అనుకుంటుందని, పాత మనిషి కదా అని ఊరుకున్నానని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. ఆమె వింటూ నిలబడింది. ఆయన ఆగాక, "సార్, పిల్లల చేతులు పడకూడదని మీరే కదా చెప్పారు," అంది మెల్లగా.

"కొట్టమని చెప్పానా?"

చెప్పలేదు. ఎంత వెతుక్కున్నా ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చినట్టు ఆమెకు గుర్తు లేదు. నిజమే చెప్పాడు మహానుభావుడు, జన్మకో నిజం.

మిగతాదంతా మర్యాదగానే జరిగిపోయింది. అవతలి పేటలో ఒక బడి ఉందట. అక్కడ నేర్పే మేష్టరున్నాడు కానీ వాడి వాడి యంత్రాలు అరిగిపోయాయట. వీటిని ఈ రోజే అక్కడికి పంపేస్తారు. గది లేనప్పుడు గదికి అటెండరు ఉండరు. అక్కడ ఇప్పటికే వేరే మనిషి ఉంది. అధికారి ఆమె దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "మీరు ఎంత శ్రద్ధగా చూసుకున్నారో తెలుస్తోందమ్మా. అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. ఆ పిల్లలకి బాగా పనికొస్తాయి," అంది. మనసారా అంది. తిట్టి ఉంటే కనీసం ఏడవడానికైనా వీలుండేది.

వ్యాను వచ్చే లోపు పిల్లల్ని కాసేపు ఆడుకోనిచ్చారు. తలుపు మూసినా గోల బయటికి వినపడింది. ఆ గదిలోంచి నవ్వులు రావడం ఆమె వినడం అదే మొదటిసారి. బయట కూర్చుని, విడిచిన చెప్పుల్ని జతలు జతలుగా సర్దుతూ ఉండిపోయింది.

యంత్రాలు వ్యానెక్కాయి. మోసే మనిషి మూలనున్న ముసుగుల్ని చూపించి ఇవి కూడానా అని అడిగాడు. అవి జాబితాలో లేవని హెడ్మాష్టరు చెప్పాడు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టింది.

గేటు దగ్గర మనవరాలు పరిగెత్తుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అమ్మమ్మా, తెర మీద నా పేరు వచ్చింది, పెద్ద పెద్ద అక్షరాలు!" అంది రొప్పుతూ. ఆనాడు తను కొట్టిన ఆ చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలనిపించింది ఆమెకు. తన చెయ్యి చాచింది. అది చూడగానే పిల్ల నవ్వు ఆగిపోయింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

ఇంట్లో ఎవరూ అరవలేదు. అల్లుడు అంతా విని పేపరు మడిచి పక్కన పెట్టాడు. కొన్నాళ్లు వేరే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గర ఉండి రమ్మని కూతురే అంది, సంచిలో గుడ్డలు సర్దుతూ. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో తల్లీ కూతుళ్లిద్దరికీ తెలుసు. పొద్దు వాలకముందే బస్సెక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎవరూ చెప్పకుండానే, చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుని కూర్చుంది.

మర్నాడు విరిగిన బెంచీలు పడేయడానికి ఆ గది తలుపు తీశారు. నేల మీద బూట్ల మరకలు, వైర్ల ముక్కలు. మూల బల్ల మీద తెల్లటి దుప్పటి తొడుగు ఒకటి, లోపల ఏమీ లేకపోయినా, గంజి బలంతో ఇంకా కంప్యూటరు ఆకారంలోనే నిలబడి ఉంది.