అరువు చెయ్యి

ఉదయం పదిన్నరకి వెంకటాద్రి ఒక కోడూరు పిల్లాడి జుట్టు కొసల్లో చిక్కుకుపోయాడు. పిల్లాడి అమ్మానాన్నలు అరగంట కిందటే స్విట్జర్లాండు చేరి, మంచుకొండల ముందు సుఖంగా నిలబడ్డారు. పిల్లాడి తలచుట్టూ మాత్రం స్టూడియోలో వెనకాల కట్టిన పచ్చగుడ్డ రంగు పాచిలా పట్టుకుని వదలడం లేదు. వెంకటాద్రి కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, మౌసుని కుంచెలాగా మూడు వేళ్ళతో పట్టుకుని, ఒక్కో వెంట్రుకనీ విడదీస్తున్నాడు.

ఆ పట్టు పాతది. వాళ్ళది పెడన, తండ్రి కలంకారీ అచ్చులు అద్దేవాడు. వెంకటాద్రి ఇరవై ఏళ్ళప్పుడు బందరు వచ్చి ఈ స్టూడియోకి తెరలు గీశాడు: మెట్లు, పూలకుండీలు, కొలనులో రెండు హంసలు. ఒక తరం కొత్త దంపతులంతా ఆ హంసల ముందే బిగుసుకుని నిలబడ్డారు; అతనూ నిలబడ్డాడు. కంప్యూటర్లు వచ్చాక యజమానురాలు సరోజినిగారు తెరలు చుట్టించి అటకెక్కించి, "గీసేవాడివేగా, ఇందులో గియ్యి" అని మౌసు చేతికిచ్చారు. ఇప్పుడతనికి యాభై ఆరేళ్ళు. విజయవాడ దాటి వెళ్ళింది లేదు గానీ, కాశ్మీరులో ఏ కొండ మీద ఎండ ఎటు పడుతుందో చెప్పగలడు. భార్య నాగదుర్గనీ తననీ ఓసారి ఆ కొండల్లో నిలబెట్టాడు. ఆ ఫోటో చూసి ఆమె చెల్లెలు చలెలా ఉందని అడిగితే, రెండు స్వెట్టర్లు వేసుకున్నా ఆగలేదని నాగదుర్గ చెప్పింది. ఫోటోలో పల్చటి వాయిలు చీరతో ఉన్న సంగతి అక్కకీ తట్టలేదు, చెల్లికీ తట్టలేదు.

పదకొండింటికి మొవ్వ నుంచి రామబ్రహ్మం అనే రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా.

"మా అమ్మకి ఎనభై మూడండీ. మంచం దిగట్లేదు. ముగ్గురు కొడుకులూ తన పక్కనున్న ఫోటో చూడాలంటోంది. తమ్ముళ్ళిద్దరూ ఇవాళే వస్తారు. తలో టైమూ చెప్పించాను. మేం ఎదురుపడం. ఫోటోలో మీరు కలిపెయ్యాలి."

"గొడవేంటండీ?" అన్నారు సరోజినిగారు.

"పెద్దదేం కాదు. మా అమ్మాయి శుభలేఖలో మా పెద్దతమ్ముడు బాలాజీ పేరు రెండో వరసలో పడింది. ప్రెస్సువాడి పొరపాటు. నాలుగేళ్ళయింది, మాట్లాడ్డం మానేశాడు."

"మరి చిన్నాయన?"

"శశిధర్ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. అందుకని వాడితో ఇద్దరం మానేశాం."

తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటో అతని ఫోనులో ఉంది. వెనకాల తిరుమల గోపురం కావాలన్నాడు. పచ్చగుడ్డ ముందు నిలబెట్టి, "ఓ చెయ్యి తమ్ముడి భుజం మీద వేసినట్టు చాపండి, నిండుగా ఉంటుంది" అన్నాడు వెంకటాద్రి. రామబ్రహ్మం రెండు చేతులూ వెనక్కి కట్టేసుకున్నాడు.

ఒంటిగంటకి బాలాజీ వచ్చాడు. అతనికి కృత్తివెన్నులో రొయ్యల చెరువులు. వెనకాల మంచుకొండలు ఉండాలన్నాడు. ఫోటో అయ్యాక, బట్టతల కనిపించిందేమో ఇంకోసారి తియ్యమని, తల దువ్వుకోవడానికి మేకప్ గదిలోకి వెళ్ళాడు. అతను లోపలుండగానే గుడివాడ నుంచి శశిధర్ దిగాడు. ఎరువుల కొట్టు మనిషి. రెండున్నరకి రావలసినవాడు, బస్సు వెంటనే దొరికిందట.

మేకప్ గదికి తలుపు లేదు, తెర ఉంది. తెర కింద రెండు చెప్పులు కదలకుండా నిలబడి ఉన్నాయి. శశిధర్ వాటి వంక చూసి, వెంకటాద్రితో అన్నాడు.

"ఆ చెప్పులు మా చిన్నన్నయ్యవి. కుడి మడమ ఒక్కటే అలా అరగదీస్తాడు. ఆయన బయటికొస్తే నేను వెళ్ళిపోతానని చెప్పండి."

"నేను రానని చెప్పండి" అంది తెర.

"షుగరు మాత్రలు వేసుకుంటున్నాడో లేదో అడగండి."

"వేసుకుంటున్నానని చెప్పండి. ఎవరికీ అక్కర్లేదని కూడా చెప్పండి."

వెంకటాద్రి ఇద్దరికీ ఏమీ చెప్పకుండా ఫోటో తీశాడు. వెనకాల ఏం పెట్టమంటారని అడిగితే, "వాళ్ళిద్దరూ ఏం అడిగారో అవి తప్ప ఏదైనా" అన్నాడు శశిధర్.

మధ్యాహ్నమంతా ఆ నలుగురితోనే గడిచింది. గోపురం పెడితే ఒకరికి కోపం, మంచు పెడితే ఇంకొకరికి. చివరికి వెంకటాద్రి ఉత్త గోడ గీశాడు. కొత్తగా సున్నం కొట్టిన గోడ, మీద సాయంకాలపు ఎండ. తల్లి మధ్యలో కూర్చుంది. కొడుకులు చుట్టూ నిలబడ్డారు గానీ, బస్సు కోసం వేచి ఉన్న ముక్కూమొహం తెలియని వాళ్ళలా ఉన్నారు. వాళ్ళని దగ్గరికి జరిపినకొద్దీ మరీ అలా కనిపించారు.

దానికి అతని దగ్గర ఒక మందుంది. పచ్చగుడ్డ ముందుకెళ్ళి ఎడమచెయ్యి గాల్లో చాపాడు. సరోజినిగారు అడక్కుండానే కెమెరా నొక్కారు. ఆ చేతికి రామబ్రహ్మం చొక్కా రంగు తొడిగి, దాన్ని శశిధర్ భుజం మీద వేశాడు. ఇది కొత్తేం కాదు. అలిగిన మామగార్ల చేతులు, దుబాయిలో చిక్కుకున్న మొగుళ్ళ చేతులు, అన్నీ అతనివే. దివిసీమలో, గుడివాడలో ఎన్ని ఇళ్ళ గోడల మీద తన చెయ్యి ఎవరెవరి భుజాలు పట్టుకుని ఉందో అతనికే తెలియదు. అతనికి పిల్లల్లేరు.

సాయంత్రం ఫోటో కట్టించాక రామబ్రహ్మం ఫోను చేశాడు. తను పామర్రులో ఇరుక్కుపోయానని, అమ్మ పొద్దుటినుంచీ అడుగుతోందని, కాస్త పట్టుకెళ్ళి ఇవ్వమని. వెంకటాద్రి సంచి చంకన పెట్టుకుని మొవ్వ బస్సెక్కాడు.

రామబ్రహ్మం తల్లి సౌభాగ్యమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. పెద్దకోడలు ఫోటో ఆమె ఒళ్ళో పెట్టి, కాఫీ పెడతానని లోపలికెళ్ళింది. ముసలామె చాలాసేపు చూసింది.

"ముగ్గురూ ఒకేసారి వచ్చారా నాయనా?"

"ముగ్గురూ వచ్చారండీ" అన్నాడు వెంకటాద్రి, సగం మింగేసి.

ఆమె వేలు ఫోటో మీద నడుచుకుంటూ వచ్చి శశిధర్ భుజం దగ్గర ఆగింది. "ఇది మా పెద్దాడి చెయ్యి కాదు. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే వాడి బొటనవేలు కొస తెగిపోయింది."

తర్వాత ఆమె తలెత్తి అతని ఎడమచేతి వంక చూసింది. వెంకటాద్రి దాన్ని సంచి కిందికి జరిపాడు.

"ఎవరిదైతేనేంలే. భుజమ్మీద పడిందిగా" అంది. ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. "వాళ్ళకి చెప్పకు. ముసల్ది నమ్మేసిందనే అనుకోనీ. ఈ గోడ ఎక్కడిది?"

"నేనే గీశానండీ."

"సున్నం వేసిన కొత్తలో మాదీ ఇలాగే ఉండేది. చిన్నాడు బొగ్గుతో గీసేవాడు. పెద్దాడు తుడిచేవాడు. నడిపివాడు నా దగ్గరికొచ్చి ఇద్దరి మీదా చెప్పేవాడు."

కాఫీ తాగి లేస్తుంటే, ఒట్టి చేతులతో పంపకూడదని కోడలిచేత స్టీలుడబ్బాలో కొబ్బరి లౌజు పెట్టించింది. "డబ్బా నెమ్మదిగా తెచ్చిద్దువుగాని" అంది.

మర్నాడు స్టూడియో తాళం తీస్తుండగా రామబ్రహ్మం ఫోను వచ్చింది. అమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయిందన్నాడు. ఆ ఫోటోలోంచి అమ్మని విడిగా తీసి పెద్దది చెయ్యమన్నాడు. "తమ్ముళ్ళకి చెప్పకండి, నేనే ఇస్తాను."

పది నిమిషాలకి బాలాజీ చేశాడు. అదే మాట. అన్నయ్యకి చెప్పొద్దన్నాడు. ఆ తర్వాత శశిధర్. అతను ఎవరికి చెప్పొద్దో చెప్పబోయి, ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.

వెనకాల ఏం పెట్టమంటారని వెంకటాద్రి ఎవరినీ అడగలేదు. ముగ్గురూ వాళ్ళంతట వాళ్ళే చెప్పారు, అమ్మ మంచం పక్కన ఫోటోలో చూసిన ఆ గోడే ఉంచమని.

అతను మూడు ఫోటోల పని మొదలుపెట్టాడు. చేతిసంచి బల్ల మీదే ఉంది. మొవ్వ వెళ్ళినప్పుడు ఇచ్చేద్దురుగానని నాగదుర్గ పొద్దున్నే డబ్బా తోమి, ఖాళీది తిరిగివ్వకూడదని గుప్పెడు పంచదార పోసి, సంచిలో పెట్టి ఇచ్చింది. తోముడికి తళతళలాడుతున్న మూత మీద, చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు: సౌభాగ్యమ్మ, మొవ్వ.