పద్నాలుగో బిళ్ళ

మైదుకూరు బ్యాంకులో క్యాషియరు ఓబుళేశు ఏనాడూ టోకెను నంబరు పిలిచి ఎరగడు. ఇత్తడి బిళ్ళ అందరికీ ఇచ్చేవాడు, పిలిచేది మాత్రం పేరు పెట్టే. "సోమన్నా, రాప్పా! ఎద్దుకు కుంటు తగ్గిందా?" అనేవాడు. భార్య పోయి నాలుగేళ్ళు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. రోజు మొత్తంలో అతను మాట్లాడే నాలుగు మాటలూ ఆ కౌంటరు దగ్గరే.

రెండువేల ఏడులో, బ్యాంకున్న మేడ కింద, గేటు పక్కన ఏటీఎం పెట్టారు. ప్రైవేటు బ్యాంకులు ఖాతాదారులను ఎగరేసుకుపోతున్నాయట, ఇకమీదట కౌంటరు దగ్గర గుంపు కనబడకూడదని పై ఆఫీసు హుకుం. జనానికి కార్డు వాడకం నేర్పే పని ఎవరికి పడింది? మన ఓబుళేశుకే! "మీ మాటైతే అందరూ వింటారు సార్" అంది కొత్త మేనేజరు సుచరిత. విన్నారు. అదే అతని కొంప ముంచింది. దసరా నాటికి కౌంటరు ముందున్న బెంచీ ఖాళీ.

ఒక్క విశ్వాసమ్మకే నేర్పలేదు. బడిలో ఆయాగా చేసి రిటైరైన ఆమె నెలనెలా రెండో తారీఖున పింఛనుకు వస్తుంది. ఎందుకో పద్నాలుగో బిళ్ళే కావాలంటుంది. ఒక నెల "మిషన్ చెడిపోయిండాది" అన్నాడు. ఇంకో నెల "నీ కార్డింకా రాలేదమ్మా" అని బొంకాడు. కార్డు అతని సొరుగులోనే ఉంది. సిగ్గనిపించింది, కానీ ఈమె కూడా రాకపోతే ఇంకెవరొస్తారు?

డిసెంబరులో ఆమె గోడ పట్టుకుని రొప్పుతూ వచ్చింది. "మోకాళ్ళు శానా నొస్తాండాయి నాయనా. ఈ మెట్లెక్కలేకుండా ఉండా. ఆ కార్డు ఎప్పుడొస్తుందో?"

ఓబుళేశుకు ప్రాణం చివుక్కుమంది. సొరుగు లాగి, "వచ్చిందమ్మా" అన్నాడు. చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. "నువ్వే నొక్కు నాయనా" అంటే, "నీ పిన్ను నంబరు నాక్కూడా చెప్పగూడదు" అని అటు తిరిగి నిలబడ్డాడు. ఆమెకు ఒక్కసారికే వచ్చేసింది.

"ఇన్నేండ్లు నిన్ను శానా సతాయించినా. ఇంక నీకా బాధ లేదులే" అంది విశ్వాసమ్మ, మనసారా నవ్వుతూ.

అది బాధ కాదమ్మా అనాలనుకున్నాడు. కానీ ఆమెను రోడ్డు దాటించి పైకొచ్చేశాడు.

జనవరి రెండున కిటికీలోంచి చూశాడు. ఆమె వచ్చింది, డబ్బు తీసుకుంది, వెళ్ళిపోయింది. అతను పిలిచిన పిలుపు బస్సుల మోతలో కలిసిపోయింది.

మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. ఓబుళేశు పద్నాలుగో బిళ్ళ తీసుకుని, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.