నసోలో వంతెన కట్టినవాడు

ఇసికేలికి ముప్ఫైమూడేళ్ళు నిండడానికి ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి. నిండిన రోజున అతని విలువ అయిదు పాయింట్లు పడిపోతుంది. మనిషి మారడు. ముందురోజు తిన్న కర్రపెండలమే తింటాడు, అదే రోడ్ల శాఖ ఆఫీసుకి అదే బస్సులో వెళతాడు. ఆస్ట్రేలియా వాళ్ళ వీసా పట్టికలో మాత్రం వయసు కింద ముప్ఫై ఉన్నది ఇరవై అయిదవుతుంది, మొత్తం ఎనభై అయిదు కాస్తా ఎనభైకి దిగుతుంది. పోయిన విడతలో ఇంజనీర్లకి గీత ఎనభై అయిదు దగ్గర గీశారు. గీతకి ఇవతల పడ్డవాళ్ళు మా దీవుల రాజధాని సువాలో కూచుని వాన చూసుకోవాలి. మా సువాలో వానకేం కొదవ లేదు.

రోజులు లెక్కపెట్టే పని అతని భార్య లితియాది. ఆవిడ చిన్న పిల్లల బడిలో టీచరు కాబట్టి ఎర్ర సిరా కలం ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. చర్చి స్త్రీల సంఘం వాళ్ళిచ్చిన కాలెండరు మీద రోజుకో అంకె కొట్టేస్తోంది. కొట్టేసే హక్కు ఆవిడకుంది. భార్య తరఫున వచ్చే పది పాయింట్ల కోసం ఏడో నెల కడుపుతో ఇంగ్లిషు పరీక్షకి వెళ్ళి, లోపల పాప తంతుంటే పైన వ్యాసం రాసొచ్చింది. ఆ పాపకిప్పుడు రెండున్నరేళ్ళు. లితియా అక్కలిద్దరూ బ్రిస్బేన్‌లో ఉన్నారు, తల్లి కూడా వాళ్ళ దగ్గరికే చేరింది.

"ఈసారి రాకపోతే ఇంక నన్నడక్కు, ఇసికేలీ," అంది ఒకరోజు అంకె కొట్టేస్తూ. "మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టే ఓపిక నాకు లేదు. నాకు అమ్మని చూడాలనుంది. అంతే."

కాగితాలన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఇంజనీరన్నవాడు తను చేసిన ఒక పని గురించి నాలుగు వేల మాటల్లో రాసి పంపాలి. అది చదివి, వీడు నిజంగా ఇంజనీరేనని అక్కడి పరీక్షకులు తేల్చాలి. ఇసికేలి నసోలో అనే ఊరి వాగు మీద కట్టిన వంతెన గురించి రాసి పంపాడు. జవాబొచ్చింది.

"మీ వ్యాసం చదివాం. స్థలం ఊరి పెద్ద ఇచ్చారని, రాళ్ళు ఊళ్ళో యువకులు మోశారని, భోజనాలు స్త్రీలు వండారని, మూడో స్తంభం దగ్గర ప్రమాదాన్ని సైటు మేస్త్రీ అపెనిసా కనిపెట్టారని, వానని దేవుడు ఆపాడని తెలిసింది. మీరేం చేశారో తెలియలేదు. ఇరవై ఎనిమిది రోజుల్లో మళ్ళీ రాసి పంపగలరు. ఆ పని కళ్ళారా చూసిన పై అధికారి గానీ, సైటు బాధ్యుడు గానీ ప్రతి పేజీ మీదా సంతకం చేయవలెను."

ఆ వ్యాసంలో తప్పేముందో మా దీవుల్లో ఎవర్నడిగినా చెప్పలేరు. ఇక్కడ "నేను చేశాను" అన్న పిల్లాడి చెవి అక్కడికక్కడే మెలేస్తారు. నిండుకుండ తొణకదు. ఖర్మ ఏమిటంటే, ఆ పరీక్షకులకి తొణికిన చప్పుడు వినపడితే గానీ కుండలో నీళ్ళున్నాయని నమ్మకం కుదరదు.

ఆ ఉత్తరం ముందుగా చూసినవాడు సెతరేకి. ఇసికేలికి మేనత్త కొడుకు, అదే ఆఫీసులో స్టోర్సు గుమాస్తా. మా వైపు బావలు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోకపోతే ఏదో గొడవ పడ్డారనుకుంటారు.

"బావా, నువ్వు రాసింది ఆదివారం చర్చిలో చదవడానికి పనికొస్తుంది," అన్నాడు సెతరేకి. "వంటవాళ్ళని కూడా వదల్లేదు. ఆ చేపల పులుసు ఎవరు కలిపారో రాయలేదేం?"

"రాశాను. రెండో పేజీలో ఉంది."

"దేవుడికి కూడా పాయింట్లు పంచితే నీకేం మిగుల్తాయిరా?"

"వాన ఆగింది ఆయన వల్లే కదా!"

"అయితే ఆయన్నే పంపు ఆస్ట్రేలియాకి. వయసు దగ్గరే దెబ్బ తింటాడు, పాపం."

శనివారం పొద్దున లితియా చాప మీద కూచుని ఆ వ్యాసాన్ని పిల్లల పరీక్ష పేపరులా దిద్దడం మొదలెట్టింది. ఊరి పెద్ద పోయాడు. యువకులు పోయారు. వంటలు, వడ్డనలు పోయాయి. దేవుడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది గానీ, ఆయనా పోయాడు. చివరికి మూడో స్తంభం దగ్గరికొచ్చింది.

అక్కడ జరిగిందేమిటంటే, ఉక్కు స్తంభాన్ని భూమిలోకి దిగ్గొడుతుంటే అపెనిసా చెయ్యెత్తి యంత్రాన్ని ఆపించాడు. స్తంభానికి చెవి ఆనించి, "కింద గుల్లగా ఉంది, చప్పుడు బాలేదు," అన్నాడు. ఇసికేలి నక్షా చూశాడు. నక్షాలో అంతా బాగానే ఉంది. అయినా పని ఆపమని ఉత్తర్వు రాసి, పక్కన బోరు వేయించి చూస్తే నిజంగానే కింద డొల్ల. మూడు రోజులు కూచుని లెక్కలన్నీ మళ్ళీ కట్టి, స్తంభాన్ని ఇంకో ఆరు మీటర్లు దింపించాడు. ఆ తర్వాతి తుఫానుకి వాగు పైనొకటి, కిందొకటి, రెండు వంతెనలు కొట్టుకుపోయాయి. ఇది మాత్రం నిలిచింది.

"అపెనిసా మామయ్యని తీసెయ్," అంది లితియా.

"ఆపమన్నది ఆయనే కదా."

"ఆపింది ఎవరు? ఉత్తర్వు మీద సంతకం ఎవరిది?"

"నాదే."

"అయితే నువ్వే ఆపావు. రాయి."

"ప్రమాదముందని నాకెలా తెలిసిందని అడుగుతారు."

"నీ చదువుకి పదిహేను పాయింట్లిచ్చారు. ఆ మాత్రం తెలియకపోతే ఎలా?"

ఇసికేలి రాశాడు. "చప్పుడులో తేడాని నేను గమనించాను." రాసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు.

ఇక సంతకం. అప్పటి పై అధికారి తన పాయింట్లు తను చూసుకుని రెండేళ్ళ కిందటే పెర్త్ వెళ్ళిపోయాడు. నాలుగు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ పలకలేదు. సైటు బాధ్యుడుగా కాగితాల మీద పేరున్నవాడు ఇంకొక్కడే మిగిలాడు, అపెనిసా. ఏ మనిషిని వ్యాసంలోంచి తీసేశారో ఆ మనిషే ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాలి. పైగా నసోలో ఇసికేలి తల్లి పుట్టిన ఊరు. అపెనిసా సొంత మేనమామ కాదు గానీ ఆ వంశమే, వరసకి మామయ్యే.

మామయ్య దగ్గరికి ఊరికే కాగితం పట్టుకుని వెళ్ళకూడదు. పెద్దలు దంచి నీళ్ళలో కలుపుకుని తాగే కావా వేర్ల కట్ట పట్టుకెళ్ళాలి. అడిగేవాడు తన నోటితో తను అడక్కూడదు, పక్కన ఒకడు అతని తరఫున మాట్లాడాలి. ఆ పనికి సెతరేకిని వెంటబెట్టుకున్నాడు. తర్వాతి శనివారం మధ్యాహ్నానికి ఇద్దరూ నసోలో వంతెన దాటి ఊళ్ళోకి వెళ్ళారు. వంతెన మీద ఇసికేలి తల దించుకునే నడిచాడు.

అపెనిసా ఇంట్లో నలుగురైదుగురు పెద్దలు అప్పటికే చాప మీద కూచున్నారు. సెతరేకి వేర్ల కట్ట ముందు పెట్టి, బావని ఏడిపించే గొంతు పూర్తిగా దాచేసి, మొదలెట్టాడు.

"అయ్యలారా, ఇది చాలా చిన్న కట్ట. తెచ్చినవాడు ఇంకా చిన్నవాడు. వీడికేమీ తెలియదు, వీడికేమీ చేతకాదు. మీరు చేయి పట్టుకుని నడిపిస్తే నడిచిన పిల్లాడు వీడు. ఒక కాగితం తెచ్చుకున్నాడు. దయ చూపండి."

పెద్దలు చప్పట్లు కొట్టి కట్ట అందుకున్నారు. చెక్క తొట్టిలో కావా కలిపారు, కొబ్బరి చిప్ప అందరి చేతులూ తిరిగింది. అప్పుడు అపెనిసా కళ్ళజోడు కోసం చొక్కా జేబు తడుముకుని, వదిలేశాడు.

"చదువు, ఇసికేలీ. నేను సంతకం పెట్టేది నా చెవిన పడాలి. మన భాషలోకి తిప్పి చదువు, అందరూ వింటారు."

ఇంగ్లిషులో రాసుకున్నప్పుడు ఆ మాటలు ఎవరో పరాయివాడివిలా ఉండేవి. మన భాషలోకి తిప్పేసరికి ఒక్కొక్కటీ నోట్లో ముల్లులా గుచ్చుకుంది.

"నసోలో వంతెనకి స్థలం నేను ఎంచాను."

"నిజం!" అన్నారు పెద్దలు. ఎవరైనా లాంఛనంగా మాట్లాడుతుంటే ప్రతి మాటకీ అలా అనడం మర్యాద. స్థలం ఎంచి ఇచ్చిన ఊరి పెద్ద కూడా వాళ్ళలో ఉన్నాడు, ఆయన అందరికంటే గట్టిగా అన్నాడు.

"పనివాళ్ళకి పని నేను పురమాయించాను."

"నిజం!"

"మూడో స్తంభం దిగ్గొడుతుండగా, చప్పుడులో తేడాని నేను... నేను గమనించాను."

"నిజం!" అన్నారు. అపెనిసా కూడా అన్నాడు.

సెతరేకి జన్మలో మొదటిసారి బావని చూసి నవ్వలేదు. ఇసికేలి చెమటలు కక్కుతూ ఆఖరి పేజీ దాకా చదివి, కాగితాలు చాప మీద పెట్టేశాడు. ఇల్లు చీకటి గుహలా అనిపించింది అతనికి, బయట మిట్టమధ్యాహ్నం ఎండ.

"అక్కడో ముసలాడుండాలే," అన్నాడు అపెనిసా. "స్తంభానికి చెవి పెట్టి విన్నాడు. వాడేమయ్యాడు?"

ఇసికేలి ఆచారం మర్చిపోయి తన నోటితో తనే జవాబు చెప్పాడు. "వాడికి పాయింట్లు రావు మామయ్యా. వాడుంటే నాకూ రావు. నాకు సిగ్గుగా ఉంది."

అపెనిసా తల పంకించాడు.

"మేనల్లుడివి. ఈ ఊళ్ళో నీకేది కావాలంటే అది తీసుకెళ్ళే హక్కు నీది, మేం వద్దనకూడదు. మీ అన్న వరసవాళ్ళు పందుల్ని పట్టుకెళ్ళారు. ఒకడు నా కొత్త పడవ పట్టుకెళ్ళాడు, వెధవ, ఇప్పటిదాకా పత్తా లేడు. నువ్వు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క కోడిని కూడా అడగలేదు. వీడికి మా మీద ప్రేమ లేదేమో అనుకున్నా. ఇవాళ అడిగావు. కలం ఇలా ఇయ్యి."

పేజీకో సంతకం పెట్టాడు, తొందర లేకుండా. ఆఖర్న ఒక గడి ఉంది. ధ్రువీకరించేవారు ఈ పనిలో ఏం చేశారు, అని. సెతరేకి చదివి వినిపించాడు. అపెనిసా దాని మీదికి వంగి, పెద్దపెద్ద అక్షరాలతో ఇలా రాశాడు: "ఇంజనీరు చెప్పినట్టు చేశాను."

పరీక్షకులు మారుమాట లేకుండా ఇసికేలి ఇంజనీరేనని ఒప్పుకున్నారు. పుట్టినరోజుకి ఆరు రోజులుందనగా, వీసాకి దరఖాస్తు పెట్టుకోమని ఆహ్వానం వచ్చింది. అది వచ్చిన రోజున ఎంత వయసుంటే అంతే లెక్క, తర్వాత ఎంత ముసలాడైనా ఫరవాలేదు. లితియా ఎర్ర కలం పక్కన పడేసి, కాలెండరుకి ముద్దు పెట్టి, వంటింట్లోకెళ్ళి వాళ్ళమ్మకి ఫోను చేసి గంటసేపు ఏడ్చింది.

వీసా చేతికొచ్చాక నసోలోలో వీడ్కోలు విందు పెట్టారు. ఊరంతా వచ్చింది. సెతరేకి లేచి, "మన వంతెన కట్టిన మా బావ," అని మొదలెట్టగానే ఇసికేలి కూడా లేచి నిలబడ్డాడు. విందు ఎవరి కోసమో వాళ్ళు మాట్లాడకూడదు. అతను మాట్లాడాడు.

"మూడో స్తంభం దగ్గర ఆపమన్నది అపెనిసా మామయ్య. నాకు తెలియలేదు. నా లెక్కల్లో అంతా బాగానే ఉంది. ఆయన చెవి లేకపోతే ఆ వంతెన లేదు, ఇవాళ నా ప్రయాణమూ లేదు."

"నిజం!" అన్నారు పెద్దలు, ఆ రోజు ఎంత గట్టిగా అన్నారో అంతే గట్టిగా.

అపెనిసా ఒక్కడే అనలేదు. "కూచోరా," అన్నాడు. "ఇక్కడంటే అన్నావు, సరే. అక్కడ ఎవడడిగినా నేనే కట్టానని చెప్పు. ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు ఈ ఊళ్ళో లేదు."

ఇసికేలి కూచున్నాడు. ముప్ఫైమూడేళ్ళు నిండినవాడు, ఊరందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాడు.