గాలి తగ్గేదాకా

బోర్డు గదిలో నాకు బల్ల దగ్గర చోటివ్వలేదు, గోడవార కుర్చీ వేశారు. మేనేజర్‌గా నన్ను ఉంచాలా, తీసెయ్యాలా అని తేల్చే రోజున అంతకంటే మర్యాద ఎవరు చేస్తారు!

నా నేరం ఇదీ. నిన్న మధ్యాహ్నం గాలి మరీ ఉధృతంగా ఉందని నది దాటించే మా సంఘం బోట్లన్నీ ఆపించాను. సంఘం అధ్యక్షుడేమో సరాసరి బోటు నడిపేవాడికే ఫోన్ చేసి, తన చుట్టాలను అవతలి గట్టుకు చేర్చమన్నారు. అతను ఇంజను స్టార్ట్ చేశాడు. నేను బోటులోకి దూకి తాళంచెవి లాగేసుకున్నాను, చుట్టాలంతా చూస్తుండగా.

ఆ అధ్యక్షుడు మా మావయ్య. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. ఆయన చుట్టాలు నాకూ చుట్టాలే, అదింకో తలనొప్పి.

"నా మాటంటే బోర్డు మాటే," అన్నారు మావయ్య. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు అడ్డం చెప్పడమేంటి?"

నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోయేంతలో ఉపాధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఆవిడ లెక్కల టీచరు. నోట్లో నాలుక లేని మనిషని మేమంతా అనుకునేవాళ్లం.

"అందరం కూర్చుని తీర్మానిస్తే అది బోర్డు మాటండీ. మీరొక్కరే ఫోన్లో చెప్తే అది మీ మాట. పైగా ఈ గొడవంతా మీ ఆర్డరు గురించే. ఓటయ్యేదాకా మీరు బయట కూర్చోండి."

మావయ్య ముఖం కందగడ్డలా ఎర్రబడింది. తన గొడవ మీద ఓటు జరిగేటప్పుడు ఆ మనిషి గదిలో ఉండకూడదన్న నియమం పెట్టించింది ఆయనే, అప్పట్లో ఇంకెవరి కోసమో. లేచి వెళ్లారు.

చేతులు లేచాయి. నన్ను తీసెయ్యాలని ఇద్దరు, వద్దని ఇద్దరు. ఇక మిగిలింది టీచరు ఓటు.

"బోటు నడపాలా, ఆపాలా అన్నది మేనేజర్ పని," అన్నారావిడ. "ఈ అమ్మాయి ఉంటుంది."

సాయంత్రం రేవు ఆఫీసులో మావయ్య నా గది గుమ్మం బయటే ఆగిపోయారు. ఎప్పుడూ తలుపు తోసుకొచ్చి, "ఏమే చిట్టీ" అంటూ నా టీ తాగేసే మనిషి.

"అవతలికెళ్లాలి. బోటు ఎప్పుడు కదులుతుందండీ, మేనేజర్ గారూ?"

గెలిచానన్న సంబరం కాస్తా అక్కడే ఎగిరిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"గాలి ఇంకా తగ్గలేదు, మావయ్యా."

ఆయన తలూపి వెళ్లి, టికెట్టు కొనుక్కుని, జనం మధ్య బెంచీమీద కూర్చున్నారు.