మైకులో వినిపించిన ఆయాసం

తిరుపతి బస్టాండులో పన్నెండేళ్లుగా మైకు ముందు కూర్చుని బస్సుల వివరాలు చెప్పేది శాంతయ్యే. ఏడాది కిందట గుండెనొప్పి వచ్చి తగ్గింది. మాత్రలు మింగుతూ డ్యూటీకి వస్తున్నాడు.

ఆ ఏడు, అంటే ఎనభై నాలుగులో, పెరటాసి నెల మూడో శనివారానికి కొండ ఎక్కేందుకు అరవదేశం నుంచి జనం విరగబడ్డారు. స్పెషల్ బస్సులతో బస్టాండు కిక్కిరిసింది. ఆపితే మళ్లీ స్టార్టు కావేమోనని డ్రైవర్లు ఇంజన్లు ఆపడం లేదు. మూడు రోజులుగా గాలి కూడా స్తంభించింది. శాంతయ్య గది కిటికీ బస్సుల వైపే ఉండటంతో పొగంతా లోపలికే వచ్చేది.

గురువారం గొంతు మండింది. శుక్రవారం నాలుగు మెట్లెక్కితే ఎగపోసింది. సాయంత్రం ఇంటికొచ్చిన మనిషిని చూసి భార్య దేవకమ్మ భయపడింది.

"రేపు పోవద్దు. పొగలో ఉండొద్దని డాక్టరు సెప్పలేదా?"

"రేపొక్కనాడే కదమ్మే. ఏ బస్సు యాడుండాదో తెలీక జనం అల్లాడతారు."

శనివారం పొద్దున పది గంటలకు "పలమనేరు పోయే బస్సు" అని మొదలుపెట్టిన మాట మధ్యలోనే తెగిపోయింది. ఆ తర్వాత మైకులో ఆయాసమే వినిపించింది. ప్రయాణికుల్లో కొందరు నవ్వారు. పలమనేరు బస్సు డ్రైవరు మునిరామయ్య మాత్రం కిందికి దూకి పరుగెత్తాడు. శాంతయ్య బల్ల మీద వాలిపోయి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"ఏమైందన్నా?"

"రొమ్ము మీద బండ పెట్టినట్టుండాది."

రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆక్సిజన్ పెట్టాక ఊపిరి కొంచెం కుదుటపడింది.

"పొగకు ఊపిరి గొట్టాలు బిగుసుకున్నాయమ్మా. అసలే బలహీనమైన గుండె, దాని మీద భారం పడింది" అన్నాడు డాక్టరు దేవకమ్మతో. "ఈ మూడు రోజుల్లో ఇట్లా వచ్చినవాళ్లలో ఈయన ఆరో మనిషి."

పొగ వల్లేనన్న ఆ మాటే రాసిమ్మని పట్టుబట్టింది దేవకమ్మ. ఆ కాగితం తీసుకుని బస్టాండు ఆఫీసరు దగ్గరికి మూడుసార్లు తిరిగింది. ఇంజన్లు ఆపించడం తన చేతుల్లో లేదన్నాడాయన. చివరికి మైకును మాత్రం వెనకవైపు గదిలోకి మార్పించాడు.

దీపావళి దాటాక శాంతయ్య మళ్లీ డ్యూటీకి వచ్చాడు. పూలమ్మే ఆనందమ్మ బస్సుల పక్కనే గంప పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

"నీకూ ఆయాసమా?"

"పెరటాసి కాడి నుంచీ ఇంతే నాయనా. రెండు దినాలు ఆస్పత్రిలో ఉండి వచ్చినాను."

"ఇంగో తావున అమ్ముకోరాదా?"

"బస్సులు యాడుంటే ఆడే కదా కొనేవాళ్లు."

శాంతయ్య రెండు మూరలు కొనుక్కున్నాడు. పొగ రాని వెనక గదిలోకి వెళ్లి, ఆ పూలు మైకు పక్కన పెట్టి, "పలమనేరు పోయే బస్సు" అని మొదలుపెట్టాడు.