మగ్గం గుంతలో కొత్త సాలీడు

ఆ ఏడు మా ఇంటి మగ్గానికి అచ్చు అతికే పని మొదటిసారి నా చేతికి వచ్చింది. మగ్గం మీద దువ్వెనలాంటి అచ్చులో మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి, వేళ్లకు గంజీ బూడిదా అద్దుకుని మెలిపెట్టాలి. అంతకుముందు మా అవ్వ అతికేది. ఆమెకు చూపు తగ్గాక నాయన నన్ను కూర్చోబెట్టాడు. తెల్ల పట్టు, పెళ్లి చీర. అతికినంతసేపూ ఊపిరి కూడా గట్టిగా వదల్లేదు.

మర్నాటి పొద్దున చూస్తే కొన్ని పోగులు తెగి ఉన్నాయి. నాయన తనే కలుపుకున్నాడు. ఆ మరుసటి పొద్దున ఇంకా ఎక్కువ తెగాయి.

"ఏం పాపా, అన్నం తినే అతికినావా?" అన్నాడు. "ఇట్లయితే నీతో కాదు. పెద్దక్కను పిలిపిస్తా."

పెద్దక్క మా వీధి చివర ఇంటామె, కూలికి అచ్చు అతుకుతుంది. ఆమె మా ఇంట్లో అడుగుపెడితే, దాసప్ప కూతురికి పని రాదని ఊరంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత నన్ను ఏ మగ్గం దగ్గరికీ రానివ్వరు. నా అతుకులు గట్టివని నా వేళ్లకు తెలుసు. కానీ నాకు నోరు లేదు. బళ్లో జవాబు తెలిసినా లేచి చెప్పేదాన్ని కాదు. తెగిన ముక్కలను ఏరి ఓణీ కొంగున ముడి వేసుకున్నాను, అంతే.

నాయన నేయడానికి కూర్చుని, మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించాడు. దించినంత వేగంగా పైకి లాక్కున్నాడు.

"లోపల ఏందో ఉండాది."

అవ్వ వచ్చింది. ఎదురింటి లింగప్ప మామ కూడా తన మగ్గం ఆపి వచ్చాడు. అందరం వంగి చూశాం. గుంత మట్టిగోడకు ఒక సాలీడు అంటుకుని ఉంది. కాళ్లు చాపితే నా అరచేయంత ఉంది. గోధుమ రంగు, బల్లపరుపు ఒళ్లు. ఎండ్రకాయలాగా కాళ్లు పక్కలకు పెట్టుకుంది. మా ఇంటి కప్పులో వేలాడే సన్నకాళ్ల సాలీళ్లు నాకు తెలుసు. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. చుట్టూ ఎక్కడా గూడు లేదు. కడుపు కింద మాత్రం తెల్లటి గుండ్రటి బిళ్ల ఒకటి పట్టుకుని ఉంది.

"దొంగ దొరికినాడు దాసప్పా," అన్నాడు లింగప్ప మామ. "నీ పట్టు కొరికి, ఎంత బాగా చుట్టి పెట్టుకున్నాడో చూడు."

"కరిస్తే కాలు వాస్తాది. చెప్పుతో ఒక్కటెయ్యిరా," అంది అవ్వ.

ఆ బిళ్ల మా పట్టు రంగులోనే ఉంది. నాయన నా వైపు చూశాడు, ముఖం మెత్తబడింది. "అయితే పాప అతుకులు కాదులే," అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన చెప్పు తీసుకున్నాడు.

నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ దొంగ అది కాకపోతే? రేపు పొద్దున మళ్లీ పోగులు తెగుతాయి. అప్పుడు నిందించడానికి నేను తప్ప ఎవరూ మిగలరు.

"నాయనా, ఆగు."

ముగ్గురూ తిరిగి చూశారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అది మన పట్టు కాదు. దాని గుడ్ల సంచి. బళ్లో అయ్యవారు చెప్పినాడు. గూడు కట్టని సాలీళ్లు ఉంటాయంట. పురుగుల్ని తరిమి పట్టుకుంటాయంట. గుడ్లను సంచిలో చుట్టి, కడుపు కింద మోసుకోని తిరుగుతాయంట."

"సాలీడంటే నేయల్ల గదా పాపా," నవ్వాడు మామ. "మగ్గం యిడిసిపెట్టి తిరిగే సాలీడు యాడన్నా ఉంటాదా?"

"ఎందుకుండదు, నువ్వు లేవా?" అంది అవ్వ.

నాయన నవ్వలేదు, చెప్పు కింద పెట్టనూ లేదు. గుంత మూలలో మట్టికి అతుక్కుని మరో బిళ్ల కనిపించింది. పాతది, చినిగి ఖాళీగా ఉంది. పొడుగు పుల్లతో దాన్ని పైకి తీసి నాయన అరచేతిలో పెట్టాను.

"పోగు మెలితిప్పిన పురి ఉండాదేమో చూడు నాయనా."

పట్టు సంగతి మా ఇంట్లో కళ్లు కాదు, వేళ్లు తేలుస్తాయి. ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని నలిపాడు. పోగు లాగబోయాడు. పోగు రాలేదు, కాగితంలాగా చినిగింది.

"పురి లేదు," అన్నాడు మెల్లగా. "ఇది మన పట్టు కాదప్పా."

"మరి పోగులు కొరికిందెవరు?" అన్నాడు మామ.

కొంగు ముడి విప్పి తెగిన ముక్కలు మగ్గం పలక మీద పరిచాను. ప్రతి ముక్కలోనూ అతుకు చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కన, గంజి అంటిన చోట, ఏదో కొరికింది. తర్వాత గుంత అడుగు చూపించాను. సాలీడు కింద బొద్దింకల రెక్కలు, కాళ్లు రాలి ఉన్నాయి.

"అవి దాని ఎంగిలి నాయనా. కొరికేటివి బొద్దింకలు. వాటిని తినేది ఇది."

నాయన మగ్గం వెనక గంజికుండ కింది గోనెపట్ట ఎత్తాడు. బొద్దింకలు నలుదిక్కులా పరుగెత్తాయి. లింగప్ప మామ ఎగిరి తిన్నె ఎక్కాడు. అవ్వ కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఆ సాయంత్రం గంజికుండ వంటింట్లోకి పోయింది. పడుగు మీద పాత పంచె కప్పాం. మరుసటి పొద్దున ఒక్క పోగు తెగలేదు. నాయన గుంతలోకి కాళ్లు దించుతూ, "రవంత జరుగు తల్లీ," అన్నాడు సాలీడుతో. నా అతుకులన్నీ అచ్చు దాటి, గట్టిగా ఇవతలికి వచ్చాయి. నాయన పెద్దక్క మాట మళ్లీ ఎత్తలేదు.

నేత అయిపోయి చీరను మగ్గం మీంచి కోసిన రోజు లింగప్ప మామ వచ్చి గడపలో నిలబడ్డాడు.

"దాసప్పా, నాకు కొత్త పడుగొచ్చినాది. అచ్చు అతకాల. మీ పాపను పంపిస్తావా?"

నాయన తలెత్తలేదు. "నన్నడుగుతావేందప్పా? అతికేది ఆమె. ఆమెనే అడుగు."

మామ నా వైపు తిరిగాడు. ఈసారి నేను తల వంచుకోలేదు.

"వస్తా మామా. ముందు నీ గంజికుండ బయట పెట్టించు."

"ఆ సాలీడును గూడా తెస్తావా?"

"అది రాదు," అన్నాను. "దానికి ఈడ పనుండాది."